ఎవరూ లేపని పొద్దున: ఇంటర్ దాటి బీటెక్‌లో అడుగుపెట్టేవాళ్ల కోసం

ఇంటర్‌లో వెయ్యికి తొమ్మిది వందల అరవై, డెబ్బై తెచ్చుకున్న పిల్లలు బీటెక్ మొదటి సెమిస్టర్‌లోనే ఎం-1 (మొదటి మ్యాథ్స్ పేపరు) తప్పడం మన దగ్గర కొత్త సంగతేం కాదు. మొదటి ఏడాది పాఠాలు చెప్పే ఏ లెక్చరర్‌ని అడిగినా ఇలాంటివాళ్లు ఒకరిద్దరు గుర్తొస్తారు. ఇంట్లోవాళ్లు మాత్రం "బంగారంలాంటి పిల్లాడు, హాస్టల్‌కి వెళ్లి చెడిపోయాడు" అని తేల్చేస్తారు. నెపం ఫోన్ మీదో, స్నేహితుల మీదో పడుతుంది. నాకు మాత్రం చాలా కేసుల్లో కారణం ఇంకోటి కనిపిస్తుంది. పిల్లాడు పెద్దగా మారలేదు. వాడి చుట్టూ ఉన్న ఏర్పాటు మొత్తం ఒక్కసారిగా మారింది, అదెలా పనిచేస్తుందో వాడికి చెప్పినవాళ్లు లేరు.

రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో రెండేళ్లు ఎలా గడిచాయో గుర్తు చేసుకోండి. తెల్లారకముందే ఫ్లోర్ ఇన్‌ఛార్జి తలుపు కొడతాడు. స్టడీ అవర్, టిఫిను, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి పది దాటాక నిద్ర. వారం తిరిగేసరికి వీకెండ్ టెస్టు. మార్కులు తగ్గితే నాన్న ఫోన్‌కి మెసేజ్ వెళ్లిపోతుంది, సోమవారం డీన్ దగ్గర క్లాసు పడుతుంది. ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కానీ ఒకటి మాత్రం నిజం: ఇక్కడ తప్పు చేస్తే ఆ వారంలోనే తెలిసిపోతుంది. ఎప్పుడు ఏం చదవాలో, ఎక్కడ వెనకబడ్డామో కనిపెట్టే పని మనది కాదు, కాలేజీది.

బీటెక్‌లో ఆ పని మొత్తం విద్యార్థి మీద పడుతుంది. పైగా తప్పు ఎప్పుడు జరిగిందో అప్పుడే బయటపడదు. ఇది కిరాణా కొట్లో ఖాతా లాంటిది. సరుకు తీసుకెళ్లేటప్పుడు ఎవరూ అడ్డు చెప్పరు, లెక్క నెలాఖరున చెబుతారు. సెప్టెంబరులో ఎగ్గొట్టిన క్లాసుల ఫలితం డిసెంబరులో కనిపిస్తుంది. మొదటి ఏడాది వదిలేసిన సబ్జెక్టు నాలుగో ఏడాది ప్లేస్‌మెంట్ ఫారం నింపేటప్పుడు ఎదురొస్తుంది. పైకి వదులుగా కనిపించే బీటెక్ లోపల అంతా లెక్కే, అది ఇంటర్ కన్నా కచ్చితమైన లెక్క. అది ముందే తెలిసినవాళ్లు ఆ స్వేచ్ఛను హాయిగా అనుభవించగలరు. అందుకే ఆ లెక్కలు ఒక్కొక్కటిగా చూద్దాం.

డెబ్బై ఐదు శాతం

అన్నిటికంటే ఎక్కువమందిని దెబ్బకొట్టేది అటెండెన్స్. జవహర్‌లాల్ నెహ్రూ టెక్నలాజికల్ యూనివర్సిటీ (జేఎన్‌టీయూ) పరిధిలోని కాలేజీల్లో సెమిస్టర్ పరీక్షలు రాయాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కి, 75కి మధ్య ఉంటే అనారోగ్యం లాంటి సరైన కారణం, దానికి తగ్గ సర్టిఫికెట్ చూపించి, ఫీజు కట్టి మినహాయింపు అడగొచ్చు. దీన్నే కండొనేషన్ అంటారు. అడిగితే ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. 65 కన్నా తగ్గితే ఇక ఎవరూ ఏమీ చేయలేరు, డిటెయిన్ అవుతారు. అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. అదే సెమిస్టర్ మళ్లీ వచ్చే ఏడాది జూనియర్లతో కూర్చుని చదవాలి. ఒక్క శాతం తేడాతో ఏడాది పోతుంది.

అంకెల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకుందాం. 75 శాతం అంటే దాదాపు 68 రోజులు రావాలి, 22 రోజులు మానొచ్చు. "ఇరవై రెండు రోజులా, బోలెడున్నాయి" అనిపిస్తుంది కదా. దసరాకి రెండు రోజుల ముందే బస్సెక్కారు, రెండు రోజులు ఆలస్యంగా వచ్చారు, నాలుగు పోయాయి. దీపావళికి ఇంకో రెండు. పిన్ని కూతురి పెళ్లికి మూడు. హాస్టల్ నీళ్లు పడక జ్వరం వచ్చి ఇంటికెళ్తే వారం. ఇంతవరకూ ఒక్క క్లాసు కూడా సరదాకి ఎగ్గొట్టలేదు, అయినా పదహారు రోజులు కరిగిపోయాయి. మిగిలిన ఆరు రోజుల్లో ఒక ఫెస్ట్, ఒక కొత్త సినిమా.

ఇంకో చిన్న మెలిక ఉంది. చాలా కాలేజీల్లో హాజరు లెక్క పీరియడ్ల చొప్పున వేస్తారు. ల్యాబ్ అంటే వరుసగా రెండు మూడు పీరియడ్లు. "మధ్యాహ్నం ల్యాబే కదా" అని వెళ్లిపోతే ఒక్క దెబ్బకి మూడు పీరియడ్లు పోయినట్టే. కౌన్సెలింగ్ రెండో, మూడో విడతలో సీటు వచ్చి ఆలస్యంగా చేరినవాళ్లు తమ హాజరు ఏ తేదీ నుంచి లెక్కిస్తారో చేరిన రోజే ఆఫీసులో అడగాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి, స్కాలర్‌షిప్‌కి కూడా 75 శాతం నిబంధన ఉంది కాబట్టి ఈ అంకె పరీక్షలతోనే ఆగదు, డబ్బు దాకా పోతుంది.

తల్లిదండ్రులకి ఒక మాట. "బాగా చదువుతున్నావా నాన్నా?" అని రోజూ ఫోన్ చేసి అడిగితే "ఆ, బాగానే" అన్న జవాబే వస్తుంది. నెలకోసారి "అటెండెన్స్ ఎంతుంది?" అని అడగండి, కాలేజీ పోర్టల్‌లో ఉన్న అంకె చూపించమనండి. ఆ ఒక్క ప్రశ్న చాలు.

మార్కులు పోయి క్రెడిట్లు వచ్చాక

ఇంటర్‌లో లెక్క సూటిగా ఉండేది. అన్ని మార్కులూ కూడితే టోటల్. బీటెక్‌లో ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో బరువు ఉంటుంది. వారానికి ఒక గంట పాఠం ఉంటే ఒక క్రెడిట్, ల్యాబ్ అయితే రెండు గంటలకి ఒక క్రెడిట్. ఇప్పుడు చాలా కాలేజీల్లో నాలుగేళ్లకి కలిపి 160 క్రెడిట్లు పూర్తి చేస్తేనే డిగ్రీ చేతికొస్తుంది.

ఈ బరువు సంగతి పట్టించుకోక చాలామంది మోసపోతారు. నాలుగు క్రెడిట్ల మ్యాథ్స్‌లో మీకు పదికి గ్రేడ్ పాయింట్లు 6 వచ్చాయి, ఒక క్రెడిట్ ల్యాబ్‌లో 10 వచ్చాయి. రెండూ కూడి సగం చేస్తే 8 అనిపిస్తుంది. నిజానికి నాలుగార్ల 24కి 10 కలిపి, ఐదుతో భాగించాలి. వచ్చేది 6.8. ల్యాబుల్లో అందరికీ ఉదారంగా వేసే మార్కులు చూసి మురిసిపోతే ఎస్‌జీపీఏ చూసినప్పుడు గుండె జారుతుంది. సెమిస్టర్‌కి ఒకటి చొప్పున వచ్చేది ఎస్‌జీపీఏ, అన్ని సెమిస్టర్లకీ కలిపి వచ్చేది సీజీపీఏ. బంధువులకి శాతంలో చెప్పాల్సి వస్తే, హైదరాబాద్ జేఎన్‌టీయూలో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణిస్తారు. అంటే 8.0 వస్తే 75 శాతం.

ఇక పాస్ కావడం గురించి. 2022లో మొదలైన హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్-22 నియమాల్లో వంద మార్కుల సబ్జెక్టుకి ఇంటర్నల్స్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీయే వేసే మార్కులు) 40, సెమిస్టర్ చివరి పరీక్ష 60. ఇంటర్నల్స్‌లో కనీసం 14, చివరి పరీక్షలో కనీసం 21, రెండూ కలిపి 40 రావాలి. 14, 21 కలిపితే 35 మాత్రమే అవుతుంది. రెండు చోట్లా అంచు మీద పాసైనవాళ్లు మొత్తం మీద తప్పుతారన్నమాట. కాకినాడ జేఎన్‌టీయూ ఆర్-23లో ఇంటర్నల్స్ 30, చివరి పరీక్ష 70. ఇంటర్నల్స్ కోసం సెమిస్టర్ మధ్యలో రెండు పరీక్షలు పెడతారు, వాటినే మిడ్‌లు అంటారు. కాకినాడలో వాటిలో బాగా రాసినదానికి 80 శాతం, ఇంకోదానికి 20 శాతం బరువు ఇస్తారు. హైదరాబాద్‌లో రెండు మిడ్‌ల సగటు తీసుకుంటారు. ఒకేలా కనిపించే రెండు బీటెక్‌ల మధ్య ఇంత తేడా. మొదటి మిడ్ పాడైతే కాకినాడ విద్యార్థికి ఇంకా దారి ఉంది, హైదరాబాద్ విద్యార్థి ఆ దెబ్బలో సగం మోయాల్సిందే. ఆర్ పక్కన ఉండే అంకె ఆ నియమాలు మొదలైన సంవత్సరం. అటానమస్ కాలేజీలకీ, ప్రైవేటు, డీమ్డ్ యూనివర్సిటీలకీ వాటి సొంత నియమాలు ఉంటాయి. పక్క కాలేజీలో చదివే అన్నయ్య చెప్పింది మీకు వర్తించకపోవచ్చు. మీ కాలేజీ వెబ్‌సైట్‌లో అకడమిక్ రెగ్యులేషన్స్ అనే పీడీఎఫ్ ఉంటుంది. ముప్పై నలభై పేజీల ఆ పుస్తకాన్ని చేరిన వారంలోనే చదివేవాళ్లు క్లాసులో ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు మీరైతే మంచిది.

తప్పిన సబ్జెక్టు బ్యాక్‌లాగ్‌గా మిగులుతుంది. సప్లిమెంటరీ రాసి తీర్చుకోవచ్చు, అందులో సిగ్గుపడాల్సింది లేదు. చిక్కేమిటంటే, ఆ సప్లీ తర్వాతి సెమిస్టర్ పరీక్షల పక్కనే వచ్చి పడుతుంది. ఐదారు కొత్త సబ్జెక్టులతో పాటు పాతదీ చదవాలి. రెండు మూడు పోగయ్యాక కొత్తవి కూడా తప్పడం మొదలవుతుంది. బ్యాక్‌లాగ్‌లు పిల్లల్ని పెట్టేది ఇలాగే. ఒక ఏడాది నుంచి పై ఏడాదికి వెళ్లడానికి కూడా కనీస క్రెడిట్లు ఉండాలి. ఆర్-22లో మొదటి ఏడాది 40 క్రెడిట్లలో సగమైనా సంపాదించకపోతే రెండో ఏడాదిలోకి పంపరు. మొత్తం మీద ఎనిమిదేళ్లలోగా డిగ్రీ పూర్తి కాకపోతే సీటే పోతుంది. ప్లేస్‌మెంట్‌కి వచ్చే కంపెనీల్లో చాలావరకు మొదటి వడపోత ఈ రెండు అంకెల మీదే నడుస్తుంది: సీజీపీఏ ఎంత, ఇంకా తీరని (యాక్టివ్) బ్యాక్‌లాగ్‌లు ఎన్ని. ఇంటర్వ్యూలో ఎంత బాగా మాట్లాడగలరో చూపించే అవకాశం ఆ తర్వాతే.

చదవడం మళ్లీ నేర్చుకోవాలి

ఇంటర్‌లో చదువు అంటే మెటీరియల్. ఏ చాప్టర్ నుంచి ఏడు మార్కుల ప్రశ్న వస్తుందో, ఏది నాలుగు, ఏది రెండు మార్కులకి వస్తుందో ముందే గీసి ఇస్తారు. ఎప్‌సెట్‌కి అయితే ఏ చాప్టర్లు వదిలేసినా పర్వాలేదో కూడా చెప్పేస్తారు. అలా వదిలేసిన చాప్టర్లే బీటెక్‌లో తిరిగి తలుపు తడతాయి. ఎం-1 మ్యాట్రిసెస్‌తో మొదలవుతుంది. ర్యాంకు కనుక్కోవడం దాకా ఇంటర్‌లో చూసిందే, అక్కడి నుంచి ఐగెన్ విలువల్లోకి వెళ్తుంది. ఆ తర్వాత కాలిక్యులస్. ఇంటర్‌లో సూత్రం బట్టీపట్టి లెక్క చేసినవాళ్లకి ఇక్కడ చిక్కు మొదలవుతుంది.

సీ ప్రోగ్రామింగ్ ఇంకో రకం ఇబ్బంది. ఇది చాలామందికి జీవితంలో మొదటిసారి ఎదురయ్యే వింత సబ్జెక్టు. బట్టీ పడితే పాసవుతారు, కానీ రాదు. క్లాసులో కొందరు అప్పటికే యూట్యూబ్ చూసి నేర్చుకుని వస్తారు, వాళ్లని చూసి మిగతావాళ్లకి టెన్షన్. నిజానికి ఆ ముందంజ ఒక సెమిస్టర్‌కి మించి నిలవదు. రోజూ ఓ అరగంట సొంతంగా ప్రోగ్రామ్ రాసి, అది ఎందుకు పనిచేయలేదో తల పట్టుకు కూర్చున్నవాళ్లు సంక్రాంతికల్లా వాళ్లని అందుకుంటారు. రికార్డు పక్కవాడిది చూసి దించేసినవాళ్లు, ఇప్పుడైతే ఏఐ చేత రాయించుకున్నవాళ్లు, అక్కడే ఉండిపోతారు.

సీనియర్లు ఒక మాట చెబుతారు: "ముందు రోజు రాత్రి చదివితే చాలు రా, పాసైపోతావ్." ఇందులో అబద్ధం లేదు. చాలా సబ్జెక్టుల్లో పాత ప్రశ్నపత్రాలు నాలుగు తిరగేసి, యూనిట్‌కి రెండు ప్రశ్నలు చూసుకుంటే గట్టెక్కొచ్చు. అందుకే అది ప్రమాదం. నాలుగేళ్లు అలాగే గట్టెక్కి, చేతిలో పట్టా, బుర్రలో ఏమీ లేకుండా బయటికొచ్చిన పిల్లలు అమీర్‌పేట్ కోచింగ్ సెంటర్లలో మళ్లీ మొదటి నుంచి ఫీజు కట్టి నేర్చుకోవడం చూస్తూనే ఉన్నాం.

లెక్చరర్ పాఠం అర్థం కాకపోతే వేరే దారులున్నాయి. ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లైబ్రరీలో కూర్చుంటే అసలు టెక్స్ట్‌బుక్ దొరుకుతుంది. మొదట్లో ఆ ఇంగ్లిష్ కొరుకుడు పడదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకి మరీనూ. రోజుకి రెండు పేజీలు, తెలియని మాట కింద గీత పెట్టుకుంటూ చదివితే ఒక సెమిస్టర్ అయ్యేసరికి దారిలో పడుతుంది. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుకి వేలు పోయడం కన్నా ఇది నయం. క్లాసులో లేచి డౌట్ అడగడానికి భయపడేవాళ్లు క్లాసయ్యాక స్టాఫ్‌రూమ్‌కి వెళ్లి అడగొచ్చు, తెలుగులోనే అడగొచ్చు. విసుక్కునే లెక్చరర్లు లేరని కాదు, కానీ వెళ్లి అడిగిన పిల్లల్ని గుర్తుపెట్టుకునేవాళ్లే ఎక్కువ.

డబ్బు, కాగితాలు

కన్వీనర్ కోటాలో, అంటే ఎప్‌సెట్ ర్యాంకుతో ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో, సీటు వచ్చిందంటే "ఫీజు ప్రభుత్వమే కడుతుంది" అని ఇంట్లో ఊపిరి పీల్చుకుంటారు. వివరం చూసుకోవాలి. తెలంగాణలో ఎప్‌సెట్ ర్యాంకు పదివేల లోపు ఉన్న బీసీ విద్యార్థికి పూర్తి ట్యూషన్ ఫీజు వస్తుంది, ర్యాంకు దాటితే 35,000 వరకే. కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగతా 65,000 ఇంటి నుంచే పోవాలి. బస్సు, హాస్టల్, బిల్డింగ్ ఫండ్ లాంటివి వేరు. అదీగాక రీయింబర్స్‌మెంట్ బకాయిలు రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి నలుగుతున్న సమస్య. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని చివరి ఏడాది సర్టిఫికెట్లు ఆపేసే కాలేజీల గొడవ మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. చేరేముందే ఆఫీసులో అడగండి: రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే మమ్మల్ని కట్టమంటారా? కట్టిన ప్రతి రూపాయికి రసీదు ఉంచుకోండి, ఉట్టి చీటీ కాదు, కాలేజీ ముద్ర ఉన్నది.

ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయంలో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018లోనే స్పష్టంగా చెప్పింది: కాలేజీ వాటిని చూసి, సరిపోల్చుకుని, తిరిగి ఇచ్చేయాలి, తన దగ్గర పెట్టుకోకూడదు. ఆచరణలో ఈ నియమం అన్నిచోట్లా నడవదు, అయినా నియమం ఉందని తెలిసిన తండ్రి అడిగే తీరు వేరుగా ఉంటుంది. ఇవ్వకతప్పని పరిస్థితి వస్తే ఏమేం ఇచ్చారో రాసి ఉన్న అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. పదో తరగతి మెమో నుంచి కులం, ఆదాయం సర్టిఫికెట్ల దాకా అన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి, జిరాక్సులు కనీసం ఐదు సెట్లు.

పద్దెనిమిది నిండగానే సొంత బ్యాంకు అకౌంటు, సొంత సిమ్ము, ఫోన్‌లో యూపీఐ. ఇక్కడ కొత్తగా పుట్టుకొచ్చిన ఉచ్చు ఒకటుంది. "నీ అకౌంటు ఒక వారం ఇవ్వు, కొంత డబ్బు వస్తుంది, తీసి ఇచ్చెయ్, నీకు కమీషన్" అని పరిచయస్తుల ద్వారానే అడుగుతారు. ఆ డబ్బు సైబర్ నేరాల్లో ఎవరి దగ్గరో కొట్టేసింది. నేరగాడు ఎక్కడో ఉంటాడు, అకౌంటు మాత్రం మీ పేరు మీద ఉంటుంది, పోలీసులు ముందు వచ్చేది మీ హాస్టల్‌కే. "నాకు తెలీదు సార్" అన్న మాట అక్కడ అక్కరకు రాదు. లోన్ యాప్, బెట్టింగ్ యాప్ కూడా ఇలా నమ్మకస్తుడైన ఫ్రెండ్ చేతిమీదుగానే వస్తాయి. మోసపోయామని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

హాస్టల్, సీనియర్లు, బెంగ

సీనియర్లని అన్నా, అక్కా అని పిలవడం మన అలవాటు, అందులో తప్పులేదు. పాత పుస్తకాలిచ్చేది, ఏ సారు పేపరు ఎలా దిద్దుతారో చెప్పేది వాళ్లే. అయితే పలకరింపు వేరు, రాత్రి గదికి పిలిపించి అవమానించడం వేరు. 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. దాని ప్రకారం ఏడిపించడం, సిగ్గుపడేలా చేయడం కూడా జైలుకి పంపే నేరమే. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. ర్యాగింగ్ చేయబోమని విద్యార్థి, తల్లిదండ్రులు ఇచ్చే ఆన్‌లైన్ హామీపత్రం చాలామందికి ఓటీపీ వచ్చే మరో ఫారమే. నింపేముందు ఒకసారి చదివితే, రెండో ఏడాదిలో మీరే సీనియర్లయినప్పుడు పనికొస్తుంది.

ఇంటి బెంగ సంగతి ఎవరూ పైకి చెప్పుకోరు. రెసిడెన్షియల్‌లో రెండేళ్లు ఉన్నవాళ్లకి కూడా ఉంటుంది, ఎందుకంటే అక్కడ బెంగపడే తీరికే ఉండదు, ఇక్కడ సాయంత్రం నాలుగింటి నుంచి తీరికే. ఆ ఖాళీ గంటల్లో క్రికెట్టో, ఎన్ఎస్ఎస్సో, కాలేజీ మ్యాగజీనో ఏదో ఒకటి పట్టుకున్నవాళ్లు మూడు నాలుగు వారాల్లో కుదుటపడతారు. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం అది బెంగ కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. బ్రాంచి నచ్చక, ఫెయిలయ్యామన్న భయం ఇంట్లో చెప్పలేక నలిగిపోయే పిల్లలకి ఇది తెలియాలి.

కౌన్సెలింగ్‌కీ క్లాసులకీ మధ్య

సీటు అలాట్ అయ్యాక క్లాసులు మొదలయ్యేదాకా కొన్ని వారాలు ఖాళీ దొరుకుతుంది. రెండేళ్లు నలిగిన పిల్లలు, పడుకోనివ్వండి, సినిమాలు చూడనివ్వండి. ఈలోపు కోడింగ్ కోర్సుల్లో చేర్పించే హడావుడి నాకైతే అనవసరం అనిపిస్తుంది. దానికి బదులు చిన్న చిన్న పనులు నేర్పితే ఎక్కువ ఉపయోగం: బట్టలు ఉతుక్కోవడం, అన్నం పప్పు వండుకోవడం, బ్యాంకుకి ఒక్కడే వెళ్లి చలానా కట్టి రావడం, నెల ఖర్చు ఒక నోటుబుక్‌లో రాసుకోవడం, అలారం పెట్టుకుని ఎవరూ లేపకుండా లేవడం. ఈ చివరిది చాలా ఇళ్లలో ఇంకా అమ్మ పనే. చేరాక మొదటి మూడు వారాలు అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) చెప్పిన ఇండక్షన్ ప్రోగ్రామ్, అంటే కాలేజీని పరిచయం చేసే కార్యక్రమం, ఉంటుంది, కొన్ని కాలేజీలు మూడు రోజుల్లో ముగించేస్తాయి. పాఠాలు లేవు కదా అని దాన్ని ఎగ్గొట్టి ఇంటికి వెళ్లేవాళ్లే ఎక్కువ. కానీ మెంటర్ ఎవరో, పోర్టల్ పాస్‌వర్డ్ ఎక్కడిస్తారో, హాజరు ఎక్కడ చూసుకోవాలో చెప్పేది ఆ రోజుల్లోనే.